తోమితే పోని మచ్చ

1988లో మా మరిది పెళ్ళయింది. తోడికోడలిది నల్లగొండ జిల్లా. కనుముక్కు తీరున్న పిల్ల, మాట నెమ్మది. చిక్కల్లా ఒక్కటే. పళ్ళమీద గోధుమరంగు మచ్చలు. నవ్వొస్తే చాలు, పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

మాది పాలకొల్లు దగ్గర కాలువ ఒడ్డు పల్లె. తెల్లవారేసరికి సగం ఊరు పందుంపుల్లతో కాలువగట్టునే ఉండేది. మా అత్తగారిది మాత్రం ఇటుకపొడి, ఉప్పు. ఒకనాడు ఆవిడ నలుగురిలో, "పుట్టింట్లో పళ్ళు తోమడం నేర్పలేదు కాబోలు" అనేశారు. పిల్ల మారు మాట్లాడలేదు. మర్నాటినుంచి చీకటితోనే లేచి, నూతి చప్టా దగ్గర అదే ఇటుకపొడితో తోమేది. చిగుళ్ళు నెత్తురోడాయి గాని మచ్చ చెక్కు చెదరలేదు. చూస్తూ ఊరుకున్న నేను, లోలోపల అత్తగారి మాటే నిజమనుకున్నాను.

చివరికి చిగుళ్ళు వాచి అన్నం సయించకపోతే, అత్తగారూ నేనూ వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్ళాం. పళ్ళ డాక్టరుగారు చూస్తూనే, "అమ్మాయీ, మీ పుట్టిల్లు ఎక్కడ?" అన్నారు. చెప్పింది. "ఇది గార కాదమ్మా. చిన్నప్పుడు తాగిన నీళ్ళవల్ల వచ్చింది" అన్నారు.

కొన్ని ప్రాంతాల బావినీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పన్ను చిగురులోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళలోపు, అంతకుమించి తాగితే పైపొర అయిన ఎనామిల్ లోపంతోనే ఏర్పడుతుంది. మచ్చ పన్నులోపలిది, తోమితే ఎలా పోతుంది? అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఈ జబ్బు ఉన్నదని 1937లోనే వైద్యులు ప్రకటించారు. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడు తగ్గించే ఉపాయాన్ని 1970లలో నాగపూర్ శాస్త్రజ్ఞులు రూపొందించారు. దాని పేరే నల్లగొండ పద్ధతి. గోదావరి కాలువనీళ్ళు తాగి పెరిగిన మాకు ఇదంతా ఏం తెలుసు?

అంతలో డాక్టరుగారు అత్తగారివైపు తిరిగి, "మీ పళ్ళు పసుపెక్కాయేం?" అన్నారు. ఆవిడ తెల్లబోయారు. ఎనామిల్ పలచటి అద్దంలాంటిదట. దాని అడుగుపొర సహజంగానే పసుపు. గరుకుపొడితో రుద్దినకొద్దీ అద్దం అరిగి పసుపు బయటపడుతుంది. అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

మరి పేస్టు చేసేదేమిటి? కాఫీ, కిళ్ళీ, చుట్ట పైపైన అంటించిన మరకను వదలగొడుతుంది. అంతే. ఇప్పుడు వస్తున్న తెల్లబరిచే పేస్టులు కొన్నింటిలో నీలిరంగు ఉంటుంది. బట్టలకు నీలిమందు పెట్టినట్టు, కంటికి తెలుపు కనిపిస్తుంది. బొగ్గు పేస్టులు మోజుకొద్దీ వాడితే మా అత్తగారి ఇటుకపొడి కథే. మెత్తటి బ్రష్షు, పూటకు రెండు నిమిషాలు, రోజుకు రెండు పూటలు చాలు. పులుపు తిన్న వెంటనే తోమవద్దు, అరగంట ఆగాలి. ఫ్లోరైడు పేస్టు పెద్దలకు మచ్చ తేదు, పైగా పిప్పిపన్ను రానివ్వదు. పసివాళ్ళకు మాత్రం బియ్యపుగింజంత వేసి, మింగకుండా చూడాలి.

ఆ సాయంత్రం బస్సులో అత్తగారు ఒక్క మాటా ఆడలేదు. మర్నాడు ఇటుకపొడి డబ్బా పెంటకుప్పలో కనిపించింది. "నాకూ ఆ మెత్తటి బ్రష్షు ఒకటి తెప్పించండి" అన్నారు, చిన్నకోడలి ముఖం చూడకుండా.

కాలువనీళ్ళు తాగి పెరిగిన తోడికోడలి కూతురి పళ్ళమీద ఒక్క మచ్చ లేదు. పిల్ల నోరారా నవ్వుతుంది. తల్లి మాత్రం నేటికీ పమిటచెంగు అడ్డం పెట్టుకునే నవ్వుతుంది. అది చూసినప్పుడల్లా, ఆనాడు నేనెందుకు నోరు విప్పలేదా అనిపిస్తుంది.