లోహ సమ్మేళనాలు – పరాన్నజీవి వ్యాధుల చికిత్స

సమన్వయ సమ్మేళనాల్లో లోహానికీ లైగాండ్‌కూ గల సంబంధాన్ని మీరు ఇంతకు ముందు చదివారు. ఆ సంబంధం వైద్యంలో ఎలా ఉపయోగపడుతుందో ఈ భాగంలో పరిశీలిద్దాం. ముందుగా మీకు తెలిసిన ఒక ఉదాహరణ తీసుకుందాం.

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట ప్రాంతాల్లో మామిడి తోట ఉన్నవారికి బోర్డో మిశ్రమం కొత్తది కాదు. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీరు కలిపితే 1 శాతం మిశ్రమం తయారవుతుంది. పక్షికన్ను తెగులు వంటి శిలీంధ్ర వ్యాధులకు దీన్ని చల్లుతారు. సున్నం లేకుండా మైలుతుత్తం ఒక్కటే చల్లితే తెగులుతో పాటు లేత ఆకులు కూడా మాడిపోతాయి. సున్నం కలిపినప్పుడు కాపర్ కరగని క్షార లవణంగా మారి, ఆకు మీద పొరలా నిలిచి, అయాన్లను కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. మిశ్రమం సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి రైతులు అందులో ఇనుప కత్తిని ముంచి చూస్తారు. కత్తి మీద ఎర్రటి పూత ఏర్పడితే ఇంకా స్వేచ్ఛా కాపర్ అయాన్లు ఉన్నాయని అర్థం. మరికొంత సున్నం కలపాలి. ఇనుము కాపర్‌ను స్థానభ్రంశం చేయడమే ఇందులోని రసాయన చర్య. ప్రయోగశాల అక్కర్లేని ఇంత చక్కని పరీక్ష మన పాఠ్యాంశంలో మరొకటి లేదు.

రెండు సందర్భాల్లోనూ లోహం ఒకటే. అది దేనితో బంధితమై ఉందన్న దాన్ని బట్టి ఆకు మాడుతుందా, తెగులు పోతుందా అన్నది తేలుతుంది. మనిషి శరీరంలోని పరాన్నజీవుల విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ఇసుక ఈగల ద్వారా వ్యాపించే కాలా అజార్‌కు మొదట్లో పొటాషియం ఆంటిమొనీ టార్టరేట్ ఇచ్చేవారు. ఇందులో ఆంటిమొనీ ఆక్సీకరణ స్థితి +3. పరాన్నజీవి చచ్చేది గాని, రోగికి వాంతులు, గుండె సంబంధమైన ఇబ్బందులు కలిగేవి. కలకత్తాలోని కాంప్‌బెల్ వైద్య పాఠశాలలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1920లో యూరియా స్టిబమీన్‌ను తయారు చేశారు. దీనిలో ఆంటిమొనీ +5 స్థితిలో ఉంటుంది. శరీరంలోకి వెళ్లాక క్షయకరణం చెంది, క్రియాశీలమైన +3గా మారుతుంది. అసంఖ్యాక ప్రాణాలను ఈ మందు నిలబెట్టింది. ఇదే కోవకు చెందిన సోడియం స్టిబోగ్లూకొనేట్ తరవాత దశాబ్దాల పాటు వాడుకలో ఉండి, చివరకు బీహార్‌లో చాలామంది రోగులకు పనిచేయకుండా పోయింది. పరాన్నజీవి నిరోధకత పెంచుకోవడమే కారణం.

ఇక మలేరియా. దీని చరిత్రలో ముఖ్యమైన ఘట్టం మన సికింద్రాబాద్‌లోనే జరిగింది. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ జఠర కుడ్యంలో గుండ్రటి కణాలను చూశాడు. అవి మలేరియా పరాన్నజీవులేనని గుర్తించడానికి ఆయనకు ఆధారమైనవి వాటిలోని నల్లటి రేణువులు. అటువంటి రేణువులే మలేరియా రోగుల రక్తంలోనూ కనిపిస్తాయి.

ఆ నల్లటి పదార్థం ఐరన్ సమ్మేళనం. దాని పేరు హీమోజోయిన్. ప్లాస్మోడియం ఎర్ర రక్త కణంలో చేరి హీమోగ్లోబిన్‌ను జీర్ణం చేసుకుంటుంది. అప్పుడు విడుదలయ్యే హీమ్ దానికే విషం. అందుచేత ఒక హీమ్‌లోని ఐరన్, పక్క హీమ్‌లోని కార్బాక్సిలేట్ సమూహంతో సమన్వయ బంధం ఏర్పరచేలా జతలు కట్టించి, వాటిని కరగని స్ఫటికాలుగా మారుస్తుంది. సున్నంతో కాపర్‌ను కట్టివేసే రైతు చేసే పనికి ఇది దగ్గరగా ఉందని మీరు గమనించే ఉంటారు. క్లోరోక్విన్ ఈ స్ఫటికీకరణను అడ్డుకుంటుంది. స్వేచ్ఛా హీమ్ పేరుకుపోయి పరాన్నజీవి చనిపోతుంది. అయితే నిరోధకత గల ఫాల్సిపారమ్ రకాల్లో, మార్పు చెందిన ఒక వాహక ప్రోటీన్ మందును ఆహార రిక్తిక నుంచి బయటికి తోసేస్తుంది.

ఇక్కడే ఫెర్రోసీన్ రంగంలోకి వస్తుంది. రెండు సైక్లోపెంటాడైఈనైల్ వలయాల మధ్య ఐరన్ ఇమిడి ఉండే ఈ అణువును మీరు కర్బన లోహ సమ్మేళనాల్లో చదివారు. 1990లలో ఫ్రాన్స్‌లోని లిల్‌లో క్రిస్టోఫ్ బియో, జాక్ బ్రొకార్ మొదలైనవారు దీన్ని క్లోరోక్విన్ పార్శ్వ శృంఖలంలో చేర్చి ఫెర్రోక్విన్‌ను తయారు చేశారు. స్ఫటికీకరణను అడ్డుకోవడంలో ఇది క్లోరోక్విన్ లాంటిదే. కాని ఆకారం, కొవ్వులో కరిగే గుణం మారడం వల్ల వాహక ప్రోటీన్ దీన్ని సులభంగా తోసివేయలేదు. అందుకే క్లోరోక్విన్‌కు లొంగని పరాన్నజీవుల మీద కూడా పనిచేస్తుంది. మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లినా, చికిత్సకు అనుమతి పొందిన ఔషధం మాత్రం కాలేదు.

గోల్డ్ సమ్మేళనమైన ఆరనోఫిన్ 1985లో కీళ్లవాతానికి అమెరికాలో అనుమతి పొందింది. అమీబా వంటి పరాన్నజీవుల్లోని థయోరెడాక్సిన్ రిడక్టేజ్ అనే ఎంజైమును ఇది నిరోధిస్తుందని తేలడంతో ఆ వ్యాధులకూ పరీక్షించడం మొదలైంది. చిక్కేమిటంటే, ఆ కుటుంబపు ఎంజైములు మన కణాల్లోనూ ఉన్నాయి. మనకు హాని కలిగించే మోతాదుకూ పరాన్నజీవిని చంపే మోతాదుకూ మధ్య తగినంత దూరం ఉండాలి. ప్రయోగశాలలో ఆశ కలిగించిన లోహ సమ్మేళనాల్లో చాలా వరకు ఆగిపోయేది ఇక్కడే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: బోర్డో మిశ్రమంలో ముంచిన కత్తికి ఎర్ర పూత పట్టింది. దీని నుంచి కాపర్ స్థితి గురించి మీరేం చెప్పగలరు? హీమోజోయిన్ ఏర్పడకుండా అడ్డుకుంటే పరాన్నజీవికి కలిగే స్థితితో దీన్ని పోల్చండి.