అంతర్జాలమున ఉద్యోగాన్వేషణము

పిల్లలు బడికేగిన పిమ్మట మిగులు కాలమును సార్థకము చేసికొనవలెననియు, కుటుంబభారములో కొంత తామును మోయవలెననియు తలంచు సోదరీమణులు నేడెందరో కలరు. అట్టివారిలో మా యాడుబిడ్డ యొకతె. ఆమె బి.కాం. చదివి, వివాహమునకు పూర్వము మూడేండ్లు ఒక వర్తకశాలలో లెక్కలు వ్రాసినది. పిదప పదేండ్లకు పైగా గృహకృత్యములలోనే గడపినది. "వదినా, ఫోనులో నూటికి పైగా దరఖాస్తులు పంపితిని. ఒక్కరును బదులీయలేదు. ఇక నన్నెవరు పిలుతురు?" అని మాయొద్ద కంట నీరు పెట్టుకొన్నది.

ఆమె పంపినవానిని మేము చూచితిమి. బడిపంతులమ్మ పనికిని, బ్యాంకు గుమాస్తా పనికిని, దుకాణపు పనికిని అదే రెజ్యూమే! బియ్యమును చేటతో చెరుగక యెసట పోయు గృహిణి యుండునా? ఉద్యోగము వెదకుటయు చెరుగుట వంటిదే.

1997లో మొదలైన నౌకరీ, 2003లో మొదలైన లింక్డ్‌ఇన్ వంటి వెబ్‌సైట్లలో మనము ఉద్యోగములను వెదకునట్లే యజమానులును మనలను వెదకుదురు. వారు అన్ని రెజ్యూమేలను చదువరు. తమకు కావలసిన పని పేరును, ఊరి పేరును వ్రాసి గాలింతురు. ఆ మాటలు మన రెజ్యూమేలో లేనిచో మనము వారి కంటబడుట దుర్లభము. "లెక్కలు వ్రాసితిని" అన్న చాలదు. టాలీ, బ్యాంకు ఖాతాల సరిచూపు, జీతముల పట్టిక అని, వచ్చిన పనులను ప్రకటనలోని మాటలతోనే పేర్కొనవలెను. రాని పనిని మాత్రము వ్రాయరాదు. మొదటి ప్రశ్నకే గుట్టు బయటపడును.

ఇక్కడనే మా యాడుబిడ్డకు చిక్కు వచ్చినది. జీఎస్టీ 2017 జూలైలో వచ్చినది. ఆమె ఉద్యోగము మానిన నాటికి అది లేదు. నేటి లెక్కల ఉద్యోగములలో దానిని అడుగనివి అరుదు. కావున రెండు మాసములు దానిని నేర్చుకొన్నది. నడుమ గడచిన యేండ్లను దాచక, "పిల్లల పెంపకమునకై విరామము, ఇటీవల జీఎస్టీ అభ్యాసము" అని ఒక్క పంక్తిలో వ్రాసినది. ఇంటిని నడుపుట నేరము కాదు గదా!

పిమ్మట వారమునకు నాలుగైదు దరఖాస్తులే పంపినది. తగిన ప్రకటన పడినంతనే తెలియునట్లు అలర్టు పెట్టుకొన్నది. ఉద్యోగముల కొరకే వేరొక ఈమెయిలు తెరచి, ఏనాడు ఎవరికి వ్రాసినదో పద్దుపుస్తకమున గుర్తుంచుకొన్నది. కేంద్ర కార్మికశాఖవారు 2015లో నెలకొల్పిన నేషనల్ కెరీర్ సర్వీసులోను పేరు నమోదు చేసికొన్నది. అందు ఉద్యోగార్థులు రుసుమేమియు చెల్లింప నక్కరలేదు.

ఇంతలో నొక గండము. "ఇంట కూర్చుండియే దినమునకు మూడు వేలు. ముందుగా రెండువేల అయిదువందలు ధరావతు కట్టుడు" అని ఫోనుకు సందేశము వచ్చినది. పోపులపెట్టెలో దాచిన సొమ్ము తీసి పంపబోవుచుండగా మేము వారించితిమి. సోదరీమణులారా, పని యిచ్చువాడు జీతమిచ్చును గాని మనయొద్ద సొమ్ము పుచ్చుకొనడు. కొందరు మోసగాండ్రు నమ్మకము కలుగుటకై మొదట తామే కొద్దిపాటి సొమ్ము పంపి, పిదప వేలకు వేలు లాగుదురు. ప్రభుత్వోద్యోగములకు పరీక్షారుసుము ఉండవచ్చును. దానిని ఆయా సర్వీసు కమిషన్ల సొంత వెబ్‌సైటులోనే చెల్లింపవలెను. ఓటీపీని ఎవ్వరికిని చెప్పరాదు. ఒకవేళ మోసపోయినచో సిగ్గుపడి దాచక, తత్క్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత శీఘ్రముగా తెలిపిన, సొమ్మును నిలుపుట కంత యవకాశము.

పదునాలుగు దరఖాస్తులకు ఇద్దరు పిలిచిరి. నేడు మా యాడుబిడ్డ ఒక ఆడిటరుగారి కార్యాలయమున పూటపని చేయుచున్నది. జీతము పెద్దది కాదు. అయినను మొదటి నెల సొమ్ము తన ఖాతాలో పడిన దినమున, ఆమె ఆ పద్దుపుస్తకమును తెచ్చి మా చేత బెట్టి, "దీనిని మీకు తెలిసిన మరియొకరి కిండు వదినా" అన్నది. ఆ మరియొకరు ఈ పంక్తులు చదువు సోదరీమణులలోనే యుందురని మా నమ్మకము.