కాగితం మీద కుట్టిన కృష్ణజింక

చీరముక్కలతో బొంత కుట్టటం మన ఆడవాళ్ళకు కొత్త విద్య కాదు. దానిమీద బొమ్మ కావాలంటే ముక్క కత్తిరించి, పైన పెట్టి, అంచుల వెంట కుట్టటమూ తెలిసినదే. పొరుగున ఒడిశాలో పిప్లీ పనివాళ్ళు ఏనుగుల్నీ చిలకల్నీ అట్లాగే కుడతారు. కాని పైన పెట్టిన ముక్క ఒక్కటీ లేకుండా, చిన్న చిన్న ముక్కల్ని అంచుకు అంచు కలిపితేనే జంతువు రూపం తేలాలంటే మాత్రం అది వేరే వ్యవహారం. దానికి కాగితం సాయం కావాలి.

నేను పట్టుకున్నది కృష్ణజింక. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు అదే కదా! పన్నెండంగుళాల చదరం, తొమ్మిది భాగాలు, డెబ్భైనాలుగు ముక్కలు. కంటిపాప పావంగుళం కూడా లేదు. ఇళ్ళూ నక్షత్రాలూ కుట్టి చెయ్యి తిరిగాక జంతువుల జోలికి పొమ్మంటారు అనుభవం కలవాళ్ళు. నక్షత్రాలు నేనూ రెండు కుట్టాను. నక్షత్రానికి ముఖం లేదు. ఒక మొన కాస్త పక్కకు జరిగినా ఎవరూ పట్టుకోరు. జింక కన్ను రెండు నూలుపోగులు జరిగిందంటే అది మేక అయి కూర్చుంటుంది.

అదట్లా వుంచి, అసలు బెంగ గుడ్డ గురించి. జింక వీపుకూ మెడకూ నేను పెట్టదలచినది మా అమ్మ నేరేడుపండు రంగు వెంకటగిరి చీర. అమ్మ పోయి ఆరేళ్ళయింది. చీర పెట్టెలో వుండి వుండి మడతల వెంట చిరిగింది. మడతకూ మడతకూ మధ్య గట్టిగా నిలిచిన గుడ్డ లెక్క వేస్తే మూరన్నర తేలింది. అంగడికి పోయి ఇంకో గజం తెచ్చుకునే వస్తువా అది? కత్తెర పెట్టటమే పాపమని మా చెల్లెలి వాదం. పెట్టెలోనే వుంటే వచ్చే ఏడాదికి ఇంకో రెండు మడతలు చీలుతుందని నా వాదం. చివరకు కొంగూ అంచూ తనకిచ్చి, మధ్యగుడ్డ నేను తీసుకునేట్టు రాజీపడ్డాం.

ఇక పని సంగతి. బొమ్మ గీతలు పలచని కాగితం మీద వుంటాయి. ప్రతి గడిలోనూ ఒక అంకె. గుడ్డ కాగితానికి వెనకవైపున వుంటుంది, కుట్టు మాత్రం ముందువైపు గీత మీద పడుతుంది. మొదటి ముక్కను దాని గడి మీద పరచి, రెండోదాన్ని దానిపై బోర్లా వేసి, కాగితం తిప్పి, ఆ రెంటి మధ్య గీత మీద మిషను నడిపి, పావంగుళం వదిలి మిగతాది కత్తిరించి, రెండో ముక్కను విప్పి ఇస్త్రీ చేస్తే, ఒక గడి నిండినట్టు. తరువాత మూడు, నాలుగు. అంకెల వరస తప్పకూడదు. బొమ్మ వెనకనుంచి కుడుతున్నాం గనుక అద్దంలోలాగా తిరగబడుతుంది. కాగితం మీద ఎడమకు చూసే జింక గుడ్డ మీద కుడికి చూస్తుంది. పిల్లల పేర్లు కుట్టదలచినవారు ఇది జ్ఞాపకం వుంచుకోవాలి.

కాగితం దేనికంటారా? జంతువు ఒంట్లో నిలువు, అడ్డం గీతలు తక్కువ, అన్నీ ఏటవాలే. ఏటవాలుగా తెగిన గుడ్డ సాగుతుందని రవికలు కుట్టే ఎవరినడిగినా చెబుతారు. కాగితం దాన్ని సాగనివ్వదు. కుట్టు చిన్నదిగా, అంగుళానికి పదహారు పదిహేడు పడేట్టు పెట్టుకోవాలి. అప్పుడు తపాలాబిళ్ళ అంచులాగా చిల్లులు పడి, చివర్లో కాగితం సులువుగా వూడివస్తుంది.

తొమ్మిది భాగాలెందుకంటే, ఈ పద్ధతిలో ప్రతి కొత్త ముక్కా అంతవరకూ కుట్టినదాని పక్కన ఒక్క తిన్నని గీత మీదే చేరాలి. మూడు గీతలు పంగలకర్రలాగా కలిసేచోట అది సాగదు. అక్కడ బొమ్మను విడగొట్టి, వేరు వేరుగా కుట్టి, తరువాత కలపాలి. వంకరగీతలూ కుదరవు. కృష్ణజింక కొమ్ములేమో మెలితిరిగినవాయె! ఒక్కొక్క మెలికకు రెండేసి కోసుముక్కలు పెట్టి, కన్ను వంకర అనుకునేట్టు చెయ్యాలి. కొమ్ములకే నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఈ విద్యకు ఒక దుర్గుణం వున్నది. గుడ్డను తినేస్తుంది. విప్పినప్పుడు గడి నిండకపోతే కుట్టు వూడదీయవలసిందే గనుక, ముక్కను అవసరానికి మించి పెద్దదిగా కత్తిరించటం ఆనవాయితీ. మూరన్నర గుడ్డతో ఆ దర్జా చెల్లదు. అందుకని జింక మొత్తాన్ని ముందు పాత దిండుగలీబు గుడ్డతో ఒకసారి కుట్టాను. ఏ ముక్కకు ఎంత వెడల్పు, ఎంత పొడవు, ఎటు ఏటవాలు అన్నది కాగితం మీద రాసుకుంటూ పోయాను. రెండు వారాల పని, చివరకు ఎందుకూ పనికిరాని తెల్లజింక! మా ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ తరువాతే అమ్మ చీరకు కత్తెర పెట్టాను.

కాగితం మీద గుడ్డతో జంతువుల్ని చెయ్యటం నిన్నమొన్నటి సరదా కాదు. ఇంగ్లండులో క్విల్టర్స్ గిల్డ్ అనే సంస్థ వద్ద 1718 సంవత్సరం వేసివున్న పట్టు దుప్పటి ఒకటి వున్నది. దానినిండా జంతువులు, పక్షులు, పూలు, మనుషులు. పద్ధతి వేరనుకోండి. అక్కడ గుడ్డను కాగితపు ముక్క చుట్టూ మడిచి టాకాలు వేసి, ముక్కల అంచుల్ని చేత్తో కలిపారు. ఆ కాగితాలు ఇప్పటికీ వెనక అట్లాగే వున్నాయి. కుట్టినవారి పేరు తెలియదు, ఇ. హెచ్. అన్న పొడి అక్షరాలు మాత్రం మిగిలాయి.

భాగాలు కలపటం కొమ్ములకంటే కష్టం. మెడ గీత ఒక కాగితం మీద ఆగి రెండో కాగితం మీద అందుకోవాలి. రెండు మూలల్లోనూ గుండుసూదిని నిలువుగా దింపి, అది రెంటిలోనూ గీత చివరనే తేలితే అప్పుడు కుట్టాలి. ఎన్నో పొరలు కలిసేచోట మిషను మొరాయిస్తుంది; అక్కడ చక్రాన్ని చేత్తో తిప్పుకున్నాను. కాగితం మాత్రం అన్ని భాగాలూ కలిసేదాకా తియ్యకూడదు. తరువాత పటకారుతో, పుల్ల పుల్లగా, కాళ్ళ దగ్గర మరీ మెల్లగా లాగాను.

చెల్లెలు వచ్చి, పని తెలిసినది గనుక, ముందు వెనకవైపు తిప్పి చూసింది. తరువాత మెడ మీద చెయ్యి వేసి నిమిరి, చాలాసేపు మాట్లాడలేదు.

మిగిలిన గుడ్డ జానెడు. దానితో పక్కన పిల్లజింకను కూడా కుట్టమని తనే అడిగింది. గుడ్డ చాలకపోతే అంచు ఇస్తుందట. కొంగు మాత్రం ఇవ్వదట.