పని బాగున్నా అబ్‌స్ట్రాక్ట్ ఎందుకు వెనక్కొస్తుంది?

1916 మే 9న కొలంబియా యూనివర్సిటీ ఆంత్రొపాలజీ సెమినార్‌లో 25 ఏళ్ల విద్యార్థి ఒకరు పేపర్ చదివారు. అంశం: భారతదేశంలో కులాలు. ఏడాదికి అది ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో అచ్చయింది. ఆ విద్యార్థి అంబేద్కర్. సెమినార్ గదిలో చెప్పిన ఆ మాట వందేళ్లు దాటినా మన చేతుల్లో ఉంది.

నేడు సైన్స్ కాన్ఫరెన్సుల్లో అలాంటి గదికి చాలాచోట్ల మొదటి గడప ఎక్స్‌టెండెడ్ అబ్‌స్ట్రాక్ట్. ఇంట్లో ప్రొఫెసర్ ఉన్నవాళ్లకు దాని సంగతులు అన్నం తినేటప్పుడే తెలిసిపోతాయి. మొదటి తరం విద్యార్థికి చెప్పేవాళ్లుండరు. పని బాగున్నా రాత దగ్గర ఆగిపోతారు.

మామూలు అబ్‌స్ట్రాక్ట్ ఒక పేరా. ఎక్స్‌టెండెడ్ అబ్‌స్ట్రాక్ట్ సాధారణంగా రెండు నుంచి నాలుగు పేజీలు. ప్రశ్న, పద్ధతి, ఫలితం, దాని అర్థం అన్నీ అందులోనే ఉండాలి. ఒకటి రెండు పటాలు, పట్టికలు, ముఖ్యమైన రిఫరెన్సులు కూడా.

నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద మీరు పనిచేశారనుకుందాం. ‘నీటి నాణ్యతను పరిశీలించాం, ఫలితాలు చర్చిస్తాం’ అని రాస్తే రివ్యూయర్‌కు ఏమీ అందదు. ఎన్ని బోర్లు, ఏ నెలల్లో శాంపిళ్లు తీశారు, ఎలా కొలిచారు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి ఎన్నిచోట్ల దాటింది, ఊరి బోర్లకూ దళితవాడ బోర్లకూ తేడా ఎంత? ఇవి చెప్పాలి. ఆ తేడా అంకెల్లో కనబడితే కొట్టిపారేయడం కష్టం.

ఇక ఫార్మాట్. కాన్ఫరెన్స్ ఇచ్చిన టెంప్లేట్‌లోనే మొదటి నుంచీ రాయండి. ఉదాహరణకు ఐఈఈఈ టెంప్లేట్‌లో రెండు కాలమ్‌లు, టైమ్స్ న్యూ రోమన్, మామూలు పాఠానికి 10 పాయింట్ల సైజు. పట్టిక శీర్షిక పైన, పటం వివరణ కింద. పేజీ సరిపోకపోతే వాక్యాలు తగ్గించండి, అక్షరాలు గానీ మార్జిన్లు గానీ తగ్గించొద్దు. పేజీల లెక్కలో రిఫరెన్సులు కలుస్తాయో లేదో ముందే చూసుకోండి.

డబుల్ బ్లైండ్ రివ్యూ అంటే రాసినవారెవరో రివ్యూయర్‌కు, రివ్యూయర్ ఎవరో రాసినవారికి తెలియకూడదు. ఇంటిపేరు చూసి అంచనా కట్టే దేశంలో మనకిది చిన్న విషయం కాదు. పేరు, కాలేజీ, కృతజ్ఞతలు తీసేయండి. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లోనూ పేరు మిగలకుండా చూడండి.

గడువు పక్కన ‘ఎనీవేర్ ఆన్ ఎర్త్’ అని ఉంటే, ఆ తేదీ అర్ధరాత్రి మనకు మర్నాడు సాయంత్రం 5:29. అయినా ఒకరోజు ముందే పంపండి.

పంపేముందు రెండు విషయాలు తేల్చుకోండి. మొదటిది, రచయితల పేర్ల వరుస. ఎండలో తిరిగి శాంపిళ్లు తెచ్చి, ల్యాబ్‌లో కొలిచి, ఫలితాలు రాసిన మనిషి పేరు కృతజ్ఞతల్లో మిగిలిపోకూడదు. గైడ్‌తో మాట్లాడాక ఆ ఒప్పందాన్ని ఈమెయిల్‌లో రాసి పెట్టుకోండి. రెండోది, ఫీజు. అంగీకారం వచ్చాక కనీసం ఒక రచయిత డబ్బు కట్టి రిజిస్టర్ కావాలని చాలా కాన్ఫరెన్సులు అడుగుతాయి. విద్యార్థి రాయితీ, ఫీజు మినహాయింపు, ప్రయాణ సాయం ఉన్నాయేమో నిర్వాహకులకు ముందే రాసి అడగండి. అడగడం నామోషీ కాదు.

చివరిగా, మీ అబ్‌స్ట్రాక్ట్‌నూ దానిపై వచ్చిన రివ్యూలనూ హాస్టల్‌లో జూనియర్లకు ఇవ్వండి. తిరస్కరించినవి కూడా. మనకెవరూ చెప్పనిది వాళ్లకు మనం చెప్పొచ్చు.