నర్సుల కొరత, నర్సుల నిరుద్యోగం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2023 నాటికి ప్రపంచంలో దాదాపు 2 కోట్ల 98 లక్షల మంది నర్సులు పనిచేస్తుండగా ఇంకా 58 లక్షల మంది కొరత ఉంది. ఈ లెక్క చూసినవారు నర్సింగ్ చదివినవారికి ఉద్యోగం వెతుక్కోవలసిన అవసరమే ఉండదని అనుకోవడం సహజం. కళాశాలల ప్రవేశ ప్రకటనలు చెప్పేది కూడా ఆ మాటే. అయినా హైదరాబాదులోనో విజయవాడలోనో బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్న యువతి నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరగడం, చివరికి చదువుకైన ఖర్చుతో పొంతన లేని జీతానికి కుదురుకోవడం తెలుగు రాష్ట్రాల్లో తరచుగా కనిపించే విషయమే. ఈ రెండూ ఒకే కాలంలో ఎలా నిజమవుతున్నాయో తెలియనప్పుడు ఆమె తన చదువునే శంకించుకుంటుంది, ఇంట్లోవారు ఆమె ప్రయత్నాన్ని శంకిస్తారు.

అర్థశాస్త్రం ప్రకారం కోరికకు కొనుగోలు శక్తి, ఖర్చుపెట్టే సంసిద్ధత తోడైనప్పుడే అది డిమాండ్ అవుతుంది. కొరత లెక్కలు రోగుల అవసరాన్ని కొలుస్తాయి. ఉద్యోగమైతే ఆ అవసరానికి జీతం చెల్లించడానికి ఎవరో ఒకరు ఒప్పుకున్నప్పుడే పుడుతుంది. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒకరు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒక్కొక్క రోగికి ఒక్కొక్కరు చొప్పున నర్సులు ఉండాలి. సెలవుల్లో ఉన్నవారి స్థానం నింపడానికి అదనంగా 30 శాతం మందిని నియమించుకోవాలి. ఈ ప్రమాణాలు రాసి ఉన్నంత కచ్చితంగా వార్డుల్లో అమలైతే ఇవాళ ఖాళీగా ఉన్నవారిలో అత్యధికులకు పని దొరుకుతుంది. అయితే ప్రభుత్వాసుపత్రుల్లో మంచాలు పెరిగినంత వేగంగా ఆర్థిక శాఖ పోస్టులను మంజూరు చేయదు. మంజూరైన పోస్టులు కూడా నోటిఫికేషన్ వెలువడేదాకా ఖాళీగానే ఉంటాయి. ప్రైవేటు రంగంలో, ముఖ్యంగా జిల్లా కేంద్రాల్లోని మధ్యతరహా ఆసుపత్రుల ఆదాయంలో ఆరోగ్యశ్రీ వంటి పథకాల చెల్లింపులకు పెద్ద వాటా ఉంది కనుక, బకాయిలు పేరుకుపోయినప్పుడు యాజమాన్యాలు మందుల సరఫరాదారుల చెల్లింపులనూ విద్యుత్ బిల్లులనూ ఆపలేక, కొత్త నియామకాలను వాయిదా వేస్తాయి. అప్పుడు ఉన్న నర్సు మీదనే మరికొందరు రోగుల భారం పడుతుంది. కొరతా నిరుద్యోగమూ ఒకే వార్డు గోడకు ఇటూ అటూ నిలబడి ఉండడానికి కారణం ఇదే.

సరఫరా వైపు పరిస్థితి వేరు. ఏఎన్‌ఎం అనే రెండేళ్ల కోర్సు ప్రధానంగా గ్రామీణ ఆరోగ్య కేంద్రాల పనికి ఉద్దేశించినది. జీఎన్‌ఎం మూడేళ్ల డిప్లొమా. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. చివరి రెండూ పూర్తిచేసినవారు రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదై రిజిస్టర్డ్ నర్సులుగా గుర్తింపు పొందుతారు. 2014 తరువాత ఏర్పడిన వైద్య కళాశాలలకు అనుబంధంగా దేశవ్యాప్తంగా 157 కొత్త నర్సింగ్ కళాశాలలను స్థాపించనున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2023 బడ్జెట్‌లో ప్రకటించింది. నర్సుల సంఖ్య పెరగడం దేశానికి మేలే గాని, సీట్లు పెంచే నిర్ణయమూ పోస్టులు పెంచే నిర్ణయమూ రెండు వేర్వేరు చోట్ల జరుగుతున్నంత కాలం, ఒకే విశ్వవిద్యాలయం ఫలితాలు ఒకే నెలలో వెలువడి వేలమంది ఒక్కసారిగా దరఖాస్తులతో బయలుదేరినప్పుడు ఆ ఇరుకు అంతా కొత్తవారి మీదే పడుతుంది.

కొత్తవారినే ఆసుపత్రులు ఎందుకు వెనక్కి నెడతాయనే ప్రశ్నకు జవాబు నర్సింగ్ పని స్వభావంలో ఉంది. అమెరికా పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లో ప్రచురించిన గ్రంథంలో, కళాశాలలో నేర్చుకున్న ఆదర్శ సేవకూ వార్డులో ఎదురయ్యే పని ఒత్తిడికీ మధ్య ఉన్న అంతరం కొత్త నర్సును కుంగదీసే తీరును వివరించి, దానికి ‘రియాలిటీ షాక్’ అని పేరు పెట్టింది. తరువాత 1984లో ప్యాట్రీషియా బెనర్, నర్సు నైపుణ్యం కొత్తవ్యక్తి దశ నుంచి నిపుణురాలి దశ వరకు ఐదు మెట్లుగా పెరుగుతుందని, ఒకే తరహా విభాగంలో రెండు మూడేళ్లు పనిచేసినప్పుడు గాని స్వతంత్రంగా ప్రాధాన్యాలు నిర్ణయించుకునే సామర్థ్యం రాదని చూపింది. క్యానులా పెట్టడం, మందుల మోతాదు లెక్కించడం విద్యార్థి దశలోనే వస్తాయి. పన్నెండు మంది రోగులున్న వార్డులో రాత్రి రెండు గంటలకు ఎవరి శ్వాస తీరు మారిందో గమనించి డ్యూటీ డాక్టరును ఎప్పుడు లేపాలో తెలియడం వార్డులోనే వస్తుంది. అది వచ్చేవరకు కొత్త నర్సు పక్కన ఒక సీనియర్ సిస్టర్ ఉండాలి, అంటే ఆసుపత్రి కొన్ని నెలలపాటు ఒకరి పనికి ఇద్దరి సమయాన్ని వెచ్చించాలి. బ్రిటన్‌లో ఈ పర్యవేక్షణ కాలాన్ని ప్రిసెప్టర్‌షిప్ పేరుతో వ్యవస్థలో భాగం చేశారు. మన దేశంలో ఆ ఖర్చు ఎవరిదో తేల్చనందువల్ల అది కొత్త నర్సు జీతంలోంచే కోతగా వసూలవుతున్నది: ‘ట్రైనీ’ అని పేరు పెట్టి తక్కువ జీతం ఇచ్చి, పని మాత్రం మొదటి వారం నుంచే పూర్తిస్థాయిలో చేయించుకోవడం అనేకచోట్ల రివాజుగా మారింది.

దీనికి జంటగా వచ్చేది బాండ్. శిక్షణ పొందిన నర్సు ఏడాది తిరగకముందే ప్రభుత్వోద్యోగానికో గల్ఫ్‌కో వెళ్లిపోతుందన్న భయంతో కొన్ని సంస్థలు ఇంతకాలం పనిచేస్తానని ఒప్పందం రాయించుకుని, అసలు ధ్రువపత్రాలను తమ దగ్గర ఉంచుకునేవి. అసలు పత్రాలను పట్టి ఉంచరాదని, నిర్బంధ బాండ్లు వద్దని నర్సింగ్ కౌన్సిల్ చెప్పినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. యాజమాన్యాల భయంలో కొంత నిజం ఉన్నప్పటికీ, ఒక మనిషి చదువును తాకట్టు వస్తువుగా మార్చే ఈ పద్ధతిని సమర్థించడానికి ఏ కారణమూ చాలదు. నకలు పత్రాలు మాత్రమే ఇచ్చి, అసలువి చూపించి వెనక్కి తెచ్చుకోవడం కొత్త నర్సుకు ఉన్న హక్కు.

జీతాల విషయంలో ఒక కొలమానం ఉన్నదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ప్రైవేటు నర్సుల దుస్థితిపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన కేంద్ర కమిటీ, 200కు మించి మంచాలున్న ఆసుపత్రుల్లో నర్సుల జీతం ప్రభుత్వ నర్సులతో సమానంగా, 100కు మించి ఉన్నచోట 10 శాతానికి మించని తగ్గింపుతో, 50 నుంచి 100 వరకు ఉన్నచోట 25 శాతానికి మించని తగ్గింపుతో ఉండాలని, 50 కన్నా తక్కువ మంచాలున్న చోట కూడా నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. అమలు బాధ్యత రాష్ట్రాలది. కేరళ 2018లో కనీస వేతనాల ఉత్తర్వు ద్వారా 20,000 రూపాయల కనిష్ఠ స్థాయిని చట్టబద్ధం చేసింది. అక్కడి నర్సుల సంఘాలు ఏళ్ల తరబడి సమ్మెలు చేస్తే గాని అది రాలేదు.

ప్రభుత్వ నియామకాలు మరొక దారి. తెలంగాణలో వైద్య, ఆరోగ్య సేవల నియామక మండలి 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, తరువాత వాటి సంఖ్య పెంచి, 2023 ఆగస్టులో రాతపరీక్ష జరిపింది. ఎంపికైన దాదాపు ఏడు వేలమందికి 2024 జనవరి 31న నియామక పత్రాలు అందాయి. మరో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు 2024 సెప్టెంబరులో ప్రకటన వెలువడింది. 36,750 రూపాయల మూలవేతనంతో మొదలయ్యే ఈ ఉద్యోగానికి పోటీ ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పనవసరం లేదు. ఇక్కడ గమనించదగిన అంశం మార్కుల విభజన. వందలో 80 పాయింట్లు రాతపరీక్షకు, మిగిలిన 20 ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు కేటాయించారు. గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలల సేవకు రెండున్నర పాయింట్లు, ఇతర ప్రాంతాల్లో రెండు పాయింట్లు కలుస్తాయి. అంటే ఏటూరునాగారం వైపో భద్రాచలం వైపో రెండేళ్లు కాంట్రాక్టు మీద పనిచేసిన నర్సు పరీక్ష హాలులో అడుగుపెట్టేసరికే పది పాయింట్లు ముందుంటుంది. ఎయిమ్స్ సంస్థల నియామకానికి జరిగే నార్సెట్ పరీక్షలో బీఎస్సీ వారికి చదువు, రిజిస్ట్రేషన్ సరిపోతాయి గాని, జీఎన్‌ఎం వారికి కనీసం 50 మంచాల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం తప్పనిసరి. అక్కడ పోస్టుల్లో 80 శాతం స్త్రీలకే కేటాయించడం వల్ల పురుష నర్సులు మిగిలిన 20 శాతానికే పోటీపడవలసి ఉంటుంది. ఈ చదువులో చేరే యువకులకు ఆ సంగతి ముందే చెప్పేవారు తక్కువ.

ఈ నిబంధనలను పక్కపక్కన పెట్టి చూస్తే, చదువు ముగియగానే పనిలో చేరకుండా రెండేళ్లు కోచింగ్ కేంద్రానికే పరిమితం కావడం ఎందుకు నష్టదాయకమో అర్థమవుతుంది. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో అభ్యర్థి చేతిలో లేదు, అది వచ్చేలోగా చేతి నైపుణ్యం మొద్దుబారుతుంది, బయోడేటాలో ఏర్పడిన ఖాళీని తరువాత ప్రైవేటు ఆసుపత్రి కూడా ప్రశ్నిస్తుంది. డ్యూటీ చేస్తూ చదవడం కష్టమే. నైట్ డ్యూటీల తరువాత పుస్తకం పట్టడం ఎంత కష్టమో ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు. అయినా వార్డు సేవకు విలువ కట్టే నియామక పద్ధతి ఉన్నంతవరకు పనిని వదులుకోకుండా సాగే సన్నద్ధతే మేలు. బీఎస్సీ వారికి ఆయుష్మాన్ భారత్ కింద గ్రామీణ ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా, ఆంధ్రప్రదేశ్‌లో మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్ అన్న పేరుతో, మరొక అవకాశం ఉంది. అది కాంట్రాక్టు ఉద్యోగం; రక్తపోటు, మధుమేహం వంటి దీర్ఘవ్యాధుల పర్యవేక్షణ అందులో ఒక ముఖ్యమైన పని.

కాబట్టి కొత్త నర్సు మొదటి ఉద్యోగాన్ని ఎంచుకునేటప్పుడు వెయ్యి రెండు వేల జీతపు తేడా కన్నా, భవనం హంగు కన్నా, అక్కడి అనుభవం తరువాత ఎవరి ముందైనా నిలబడుతుందా అన్నది ముందుగా చూడాలి. ఆసుపత్రి ప్రభుత్వం వద్ద నమోదై ఉందా, ఎన్ని మంచాలున్నాయి, నియామక పత్రం ఇస్తారా, జీతం బ్యాంకు ఖాతాలో పడుతుందా, ప్రావిడెంట్ ఫండ్ కడతారా అన్న ప్రశ్నలు ఇంటర్వ్యూలోనే అడగదగినవి. విదేశీ లైసెన్సింగ్ సంస్థలు డేటాఫ్లో వంటి పరిశీలనా సంస్థల ద్వారా అనుభవ పత్రాన్ని నేరుగా జారీచేసిన ఆసుపత్రితోనే సరిచూసుకుంటాయి. నగదు జీతం తీసుకుంటూ హాజరు పట్టీలో పేరు లేకుండా మూడేళ్లు చేసిన చాకిరీ ఆ పరిశీలనలో శూన్యమవుతుంది. అనుభవ పత్రంలో చేరిన తేదీ, వీడిన తేదీ, హోదా, పనిచేసిన విభాగం, ఆసుపత్రి మంచాల సంఖ్య ఉండాలి. వాటిని ఉద్యోగం వదిలే రోజునే అడిగి రాయించుకోవాలి. విభాగాన్ని కోరుకునే వీలు దొరికితే ఐసీయూ, ఎన్‌ఐసీయూ, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ వంటి వాటిలో స్థిరంగా ఉండడం, నెలకొక వార్డుకు మారడం కన్నా బెనర్ చెప్పిన ఆ రెండు మూడేళ్ల నిర్మాణానికి ఎక్కువగా ఉపకరిస్తుంది.

విదేశాలు ఈ కథకు సులువైన ముగింపు కావు. బ్రిటన్ 2024 తరువాత విదేశీ నర్సుల నియామకాన్ని బాగా తగ్గించింది. అక్కడ చదువు ముగించిన స్థానిక నర్సులకే పోస్టులు దొరకక, ఖాళీలు ఏర్పడకముందే వారిని తీసుకునేలా ఇంగ్లండులో ప్రభుత్వం 2025 ఆగస్టులో ఒక హామీ పథకం ప్రకటించవలసి వచ్చింది. వార్డుల్లో మనుషులు చాలకపోయినా బడ్జెట్ బిగుసుకున్నప్పుడు కొత్తవారే బయట నిలబడతారన్నది సంపన్న దేశానికీ వర్తించింది. జర్మనీలో అవకాశాలున్నాయి గాని, జర్మన్ భాషలో బీ2 స్థాయి సాధించి, అర్హతకు గుర్తింపు పొందేవరకు సహాయకురాలి హోదాలో పనిచేయవలసి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇందుకు భాషా శిక్షణ ఇప్పిస్తున్నది. గల్ఫ్ నియామకాల పేరుతో నర్సుల నుంచి లక్షల రూపాయలు గుంజిన ఉదంతాల నేపథ్యంలో కేంద్రం 2015లో గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సుల ఎంపికను ప్రభుత్వ సంస్థల ద్వారా నడిపించే నిబంధన తెచ్చింది. నమోదిత రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగిన చోట, లేదా రసీదు ఇవ్వడానికి నిరాకరించిన చోట, ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు గాని డబ్బు గాని అప్పగించకూడదు.