కట్టెల బాయిలరు: పొగకు దారి, ఆవిరికి దారి

చలి ముదిరిన రాత్రులలో బీదరు పీఠభూమిపై ఉష్ణోగ్రత ఒక్కొక్కప్పుడు 10 డిగ్రీలకు దిగువకు జారుతుంది. ఔరాదు, భాల్కి పల్లెలలోనూ, ఇటు జహీరాబాదు వైపునా తెల్లవారకముందే నీళ్ల బాయిలరు వెలుగుతుంది. చలిగాలి రాకూడదని దానిని స్నానాల గదిలోనే అమర్చి, తలుపు, కిటికీ బిగించడమే అసలు ప్రమాదం.

గాలి చాలక కట్టె సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. పొగ లేదు గదా, నిప్పులే గదా అని ధైర్యపడరాదు. నిప్పుల నుండి కూడ ఈ వాయువు వెలువడుతూనే ఉంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం దాని గుర్తులు. అటువంటి వారిని తక్షణం ఆరుబయటకు చేర్చి 108కు ఫోను చేయాలి.

కనుక బాయిలరుకు తగిన చోటు పెరడు, లేదా తెరిచిన వసారా. గొట్టం నిలువుగా లేచి పైకప్పును 3 అడుగులైనా దాటాలి. రేకుల కప్పుగుండా పోయేచోట కట్టె వాసాలకు తగలరాదు. మసిని తరచు దులపాలి.

నీటి సంగతి వేరు. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు వ్యాపిస్తుంది. చల్లని నీరు పోస్తే వేడినీరు పొంగివచ్చే పాత రాగి బాయిలరులో ఆవిరికి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కుళాయి బిగించిన ఇనుప బాయిలరులో పైనున్న ఆవిరి రంధ్రాన్ని గుడ్డతోనో, బిరడాతోనో మూయరాదు. నీరు నింపనిదే నిప్పు పెట్టరాదు.