ఖండాలెన్ని?

బుద్వేల్‌కు దక్షిణాన శంషాబాదులో 2008 మార్చి నెలలో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. నాటి నుండి ఉన్నత విద్యకై అమెరికా, ఆస్ట్రేలియా, జర్మనీ మొదలైన దేశాలకు తరలివెళ్ళే తెలుగు విద్యార్థులు ఎందరో అక్కడి నుండే విమానమెక్కుతున్నారు. చిన్ననాడు బడిలో కంఠస్థం చేసిన పాఠాలు సైతం వారి వెంట పయనిస్తాయి. అవి లోకమంతటా ఒకే తీరుగా ఉంటాయని వారి నమ్మకం. పరదేశపు సహాధ్యాయులతో కలిసి కూర్చున్ననాడు ఆ నమ్మకం కొంత సడలుతుంది.

భూమిపై ఖండాలెన్ని అని ప్రశ్నిస్తే మన విద్యార్థి తడుముకోకుండా ఏడు అంటాడు. రష్యాలో చదివినవాడు ఆరు అంటాడు. ఆసియా, ఐరోపాల నడుమ సముద్రం లేదు గనుక ఆ రెండూ కలిసి యురేషియా అనే ఒకే ఖండమని అతని పాఠం. లాటిన్ అమెరికా దేశాలలో ఉత్తర, దక్షిణ అమెరికాలను ఒకే ఖండంగా బోధించడం పరిపాటి. స్థిర జనావాసం లేని అంటార్కిటికాను విడిచి, ఖండాలు ఐదే అని లెక్కించేవారూ ఉన్నారు. ఒలింపిక్ పతాకంపై గల ఐదు వలయాలు ఐదు ఖండాలకు గుర్తులు. వీరిలో అసత్యం చెప్పినవారెవరూ లేరు. నేల ప్రకృతి ఇచ్చినది. దానిని ఎన్ని భాగాలుగా ఎంచాలన్నది మానవుల ఏర్పాటు.

ఈ భేదం తెలుసుకొనుటకు నిజానికి విదేశం వెళ్ళనక్కరలేదు. తెలుగు వాచకంలో ఋతువులు ఆరు. భూగోళ పాఠంలో శీతకాలం, వేసవికాలం, నైరుతి ఋతుపవన కాలం, తిరోగమన ఋతుపవన కాలం అని నాలుగే. ఒకే బడిలో రెండు లెక్కలూ అప్పగించిన విద్యార్థికి ఏనాడూ సందేహం కలుగలేదు! మెల్‌బోర్న్ నగరంలో డిసెంబరు 1వ తేదీన వేసవి ప్రవేశించిందని విన్నప్పుడు మాత్రం అతడు ఆశ్చర్యపోతాడు.

అంకెల విషయంలో పొరపాటు మరింత సులభం. మన లక్షలు, కోట్లు పాశ్చాత్యులకు తెలియవు. కోటిని వారు పది మిలియన్లంటారు. జర్మనీలో దశాంశ బిందువుకు బదులు కామా వాడి, వేల స్థానం వద్ద బిందువు ఉంచుతారు. అక్కడ 2.500 అని వ్రాస్తే రెండున్నర కాదు, రెండువేల ఐదువందలు. అద్దె ఒప్పందం చదివే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

కొలతలలో ఈ తారతమ్యం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భం ఒకటి ఉంది. మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్ కొలతలను స్వీకరించింది. కెనడా ఆ మార్పును 1970 తరువాత చేపట్టింది. 1983 జూలై 23న మాంట్రియల్ నుండి ఎడ్మంటన్‌కు బయలుదేరిన బోయింగ్ 767 విమానంలో ఇంధన సూచిక పనిచేయలేదు. సిబ్బంది కాగితంపై లెక్క కట్టారు. కావలసినది 22,300 కిలోగ్రాములు. నింపినది అందులో సగమైనా లేదు. 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అడుగంటి, రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. విమానచోదకుడు దానిని గాలిలో తేలుస్తూ తెచ్చి, గిమ్లీ అనే ఊరిలోని పాత వైమానిక స్థావరంలో దింపాడు. అందులోని 69 మందీ బ్రతికి బయటపడ్డారు.

లీటరు ఇంధనపు బరువును సిబ్బంది 1.77గా తీసుకొన్నారు. పౌండ్లలో అది సరైన అంకెయే. కిలోగ్రాములలో అది సుమారు 0.8 మాత్రమే.